ట్యాబ్‌లో స్క్రీన్ దానంతటదే రెండుగా చీలుతోంది, ఈ స్ప్లిట్ స్క్రీన్ గోల పూర్తిగా ఆపేదెలా?

కృష్ణలంక_కుర్రోడు:

అందరికీ నమస్తే. ట్యాబ్ కంపెనీ పేరు రాయట్లేదు. పోయినసారి థ్రెడ్ ఏమైందో అందరికీ గుర్తుంది కదా, అసలు సమస్య పక్కకు పోయి మీ కంపెనీ గొప్పా మా కంపెనీ గొప్పా అని కొట్టుకుంటే చివరికి అడ్మిన్ తాళం వేశారు.

విషయం ఏంటంటే మా నాన్నగారి కోసం ట్యాబ్ కొన్నాం. ఆయన వాడేవి మూడే మూడు: పొద్దున ఈ-పేపర్, మధ్యాహ్నం యూట్యూబ్‌లో ప్రవచనాలు, సాయంత్రం మనవరాలితో వీడియో కాల్. పేపర్ చదివేటప్పుడు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంటారు, బొటనవేళ్లు రెండూ అద్దం మీదే ఉంటాయి. ఆ వేలు అంచు దగ్గర కాస్త జరిగిందంటే పక్కనుంచి ఐకాన్ల పట్టీ ఒకటి బయటికొస్తుంది, దాన్ని లోపలికి తోసేద్దామని ఇంకో వేలు పెడితే అందులోంచి కాలిక్యులేటర్ లేచి పేపర్ పక్కన సగం జాగా ఆక్రమిస్తుంది. మధ్యలో ఓ నల్ల గీత. ఆ గీత పట్టుకుని పక్కకు లాగితే పోతుందని ఆయనకెలా తెలుస్తుంది? "ఒరేయ్, పేపర్ సగమే వస్తోందిరా" అని సరిగ్గా నేను మీటింగ్‌లో ఉండగా ఫోన్. "నాన్నా, మధ్యలో నిలువు గీత ఉంది చూడండి" అంటే "ఏ గీతరా, ఇక్కడ అన్నీ గీతలే" అంటారు. నిజమే కదా, పేపర్ నిండా కాలమ్‌ల గీతలే!

నాకు కావాల్సింది ఒకేసారి ఒకే యాప్, అదీ స్క్రీన్ నిండా. పక్క పట్టీలు, తేలే విండోలు, కింద ఐకాన్ల వరస, ఏవీ వద్దు. సెట్టింగ్స్‌లో ఒక్కో ముక్క ఒక్కో మూల దాచారు, ఒకటి ఆపితే ఇంకోటి లేస్తోంది. మొత్తం ఆపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. "ఆయనకి నేర్పించొచ్చుగా" అనే సలహా మాత్రం వద్దు ప్లీజ్. నేర్పించాను, ఆయనకి వచ్చు కూడా, కానీ ఆ వేలు కావాలని జరగట్లేదు కదా.

డాలస్_వదిన:

అయ్యో బాబూ, మా ఇంట్లోనూ సేమ్ కథ. మా అత్తగారు గుంటూరులో ఉంటారు. వీడియో కాల్ మధ్యలో ఆవిడ చెయ్యి ఎక్కడో తగుల్తుంది, మా మొహాలు అగ్గిపెట్టెంత అయిపోయి మూలన పడతాయి, వెనకాల ఖాళీ హోమ్ స్క్రీన్ కనిపిస్తుంది. ఆవిడ కాల్ కట్ అయిందనుకుని ట్యాబ్ కవర్ మూసేస్తారు. మేం ఇక్కడ హలో హలో అంటూ నల్లటి స్క్రీన్ చూస్తూ ఉంటాం. అక్కడ పొద్దున ఏడంటే మాకు రాత్రి ఎనిమిదిన్నర, పిల్లాడు నిద్రకు ముందు నాయనమ్మతో మాట్లాడే టైం అదొక్కటే. ఆ పూట మాట్లాడ్డం అయిపోయినట్టే. దీనికేదైనా ఉందా?

కోడ్_కూలీ:

పేరు చెప్పకపోతే సెట్టింగ్ ఎలా చెప్పాలి బ్రో. సర్లే, రెండు రకాలూ రాస్తా, మీది ఏదో మీరే చూసుకోండి. వర్షన్‌ను బట్టి మెనూ పేర్లు కాస్త అటూఇటూ అవుతాయి, దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట "మల్టీ" అని కొట్టండి.

సామ్‌సంగ్ అయితే అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లోకి వెళ్లి మల్టీ విండో తెరవండి. అక్కడ రెండు స్వైప్‌లు ఉంటాయి. రెండు వేళ్లతో కింది నుంచి పైకి తోస్తే స్క్రీన్ చీలేది ఒకటి, పై మూల నుంచి ఐమూలగా లాగితే యాప్ చిన్న విండోగా మారేది ఇంకోటి. రెండూ ఆఫ్ చేయండి. మీరు చెప్పే పక్క పట్టీ పేరు ఎడ్జ్ ప్యానెల్, అది మల్టీ విండోలో దొరకదు, డిస్‌ప్లేలో ఉంటుంది. కింది ఐకాన్ల వరస టాస్క్‌బార్, అదీ డిస్‌ప్లేలోనే. ఈ నాలుగూ ఆఫ్ చేస్తే ముప్పాతిక గొడవ పోయినట్టే.

ఐప్యాడ్ అయితే మల్టీటాస్కింగ్ అండ్ జెస్చర్స్ అనే పేజీ. ఐప్యాడ్ ఓఎస్ 26లో ఫుల్ స్క్రీన్ యాప్స్, విండోడ్ యాప్స్, స్టేజ్ మేనేజర్ (విండోలని గుంపులుగా సర్దేది) అని మూడు ఉంటాయి, మొదటిది పెట్టండి. అదే పేజీలో నాలుగైదు వేళ్ల జెస్చర్లు, మూల నుంచి లాగితే వచ్చే క్విక్ నోట్ కూడా ఉంటాయి, వాటినీ ఆపేయండి.

వదిన గారూ, మీ అత్తగారి సమస్య స్ప్లిట్ స్క్రీన్ కాదు, పిక్చర్ ఇన్ పిక్చర్. యాప్‌లోంచి బయటికొస్తే వీడియో చిన్నదై తేలుతుంది. ఆండ్రాయిడ్‌లో యాప్స్ కింద స్పెషల్ యాక్సెస్ అని ఉంటుంది, అందులో పిక్చర్ ఇన్ పిక్చర్ తెరిస్తే యాప్‌ల లిస్టు వస్తుంది, ఏ యాప్‌కి ఆ పర్మిషన్ వద్దో దానికి తీసేయొచ్చు. ఐప్యాడ్‌లో అదే మాట వెతికితే "దానంతటదే మొదలవ్వాలా" అనే బటన్ వస్తుంది, ఆఫ్. కాకపోతే కాల్ మధ్యలో హోమ్‌కి వెళ్తే మొహం పూర్తిగా మాయమవుతుంది, కాల్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆవిడకి ఆ ఒక్క సంగతి చెప్పి ఉంచండి.

గ్రూప్స్_బ్యాచ్:

అన్నా అందరూ ఇట్ల తిడుతుంటే బాధగా ఉంది. నాకు స్ప్లిట్ స్క్రీన్ ప్రాణం. ఎడమవైపు ఎకానమీ పీడీఎఫ్, కుడివైపు నోట్స్, మధ్య గీత కొంచెం అటు జరిపి చదువుకుంటా. అశోక్‌నగర్‌లో రూమ్‌కి టేబుల్ కూడా లేదు, లాప్‌టాప్ ఎక్కడ పెట్టాలి. ట్యాబ్ కొన్నదే దీనికోసం. మీకు వద్దంటే ఆఫ్ చేసుకోండి, ఫీచరే చెత్త అనకండి.

కృష్ణలంక_కుర్రోడు:

చెత్త అని ఎవరన్నారు తమ్ముడూ. నీకు కావాలి, పిలుస్తావు, వస్తుంది. మా ఇంట్లో ఎవరూ పిలవకుండానే వస్తోంది, తేడా అక్కడుంది.

కోడ్_కూలీ గారూ, నాలుగూ ఆఫ్ చేశా. పట్టీ పోయింది, కింది వరస పోయింది. (దీంతో నాది ఏ కంపెనీయో అందరికీ తెలిసిపోయిందనుకోండి, అయినా నేను ఒప్పుకోను.)

రిటైర్డ్_మాస్టారు:

నా వయసు డెబ్బై దాటింది, ట్యాబ్ నేనే కొనుక్కున్నాను, నేనే వాడుకుంటున్నాను. ఇక్కడ "పెద్దవాళ్లకి తెలీదు" అనే ధోరణి కనిపిస్తోంది కాబట్టి రెండు మాటలు. మాకు తెలియక కాదు నాయనా. ఫ్యాన్‌కి స్విచ్ ఉంటుంది, రేడియోకి మీట ఉంటుంది, అది కంటికి కనిపిస్తుంది, నొక్కితే పని జరుగుతుంది. ఈ స్క్రీన్ అంచున ఏముంది? ఏమీ లేదు. ఖాళీ అద్దం. ఆ ఖాళీ అద్దం మీద కింది నుంచి కొంచెం తోస్తే ఒక పని, ఇంకొంచెం తోస్తే మరో పని, తోసి ఆపితే మూడో పని. బెత్తెడు జాగాలో ఇన్ని పనులు పెట్టి, ఏ గుర్తూ పెట్టకుండా వదిలేస్తే పాతికేళ్ల కుర్రాడికైనా పొరపడటం ఖాయం. మీ పిల్లలు పొరపడట్లేదా? వాళ్లకి గబుక్కున వెనక్కి రావడం తెలుసు కాబట్టి మీరు గమనించరు, అంతే.

కొత్త ట్యాబ్ ఆన్ చేయగానే భాష అడుగుతారు, వైఫై అడుగుతారు, వేలిముద్ర అడుగుతారు, నా లొకేషన్ కావాలంటారు. "ఒక యాప్ చాలా, పక్కపక్కన రెండు కావాలా" అనే ప్రశ్న ఇంకొకటి చేరిస్తే ఏం పోయింది?

గ్రూప్స్_బ్యాచ్:

మాస్టారూ మీ మాటకి ఎదురు చెప్తున్నా అనుకోకండి. ఆఫ్‌లో పెట్టి అమ్మితే ఇలాంటిది ఒకటుందని ఎవరికీ తెలీదు కదండీ. నాకూ చెయ్యి తగిలి స్క్రీన్ చీలితేనే తెలిసింది, అరే ఇదేదో బాగుందే అనుకుని అప్పటి నుంచి వాడుతున్నా.

రిటైర్డ్_మాస్టారు:

అందుకే అడగమంటున్నాను బాబూ. అడిగితే నీకూ తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది. నువ్వు సరే అంటావు, నేను వద్దంటాను.

పౌరోహిత్యం_పీడీఎఫ్:

నమస్కారం. మాదీ ఇదే బాధ కానీ మా రంగం వేరు. వ్రతకల్పాలన్నీ పీడీఎఫ్‌లు చేసుకుని ట్యాబ్‌లో పెట్టుకున్నాను, అక్షరం పెద్దది చేసుకోవచ్చు, బరువు మోయక్కర్లేదు. మొన్న ఒక గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతం. మూడో కథ నడుస్తోంది, సాధువు అనే వర్తకుడు మొక్కు మర్చిపోయే ఘట్టం. పేజీ తిప్పుదామని వేలు పెట్టాను, చేతికి పసుపు నీళ్ల తడి ఉంది. స్క్రీన్ ఒకటే వణుకు, పీడీఎఫ్ చిన్నదైపోయింది, మూలన మా అబ్బాయి రాత్రి చూసి వదిలేసిన క్రికెట్ వీడియో తేలి కామెంటరీ మొదలైంది. పీటల మీద దంపతులు నవ్వు ఆపుకోలేకపోయారు, ఇంటి యజమాని వాళ్ల నాన్నగారు మాత్రం నవ్వలేదు. దక్షిణలో తేడా రాలేదు లెండి. కానీ ఇంత ఇబ్బంది దేనికి, ఆ రెండు గంటలు ఆ ఒక్క పుస్తకం తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా కట్టడి చేసే వీలు ఉందా?

కోడ్_కూలీ:

పంతులు గారూ, ఉంది, అచ్చం మీలాంటి వాళ్ల పనికోసమే ఉంది, కానీ పాపం ఎక్కడో లోపల దాచారు.

ఐప్యాడ్‌లో దీని పేరు గైడెడ్ యాక్సెస్. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో ఆన్ చేసి ఒక పాస్‌కోడ్ పెట్టుకోండి. పీడీఎఫ్ తెరిచి పై బటన్ (పాత మోడల్ అయితే కింది గుండ్రటి హోమ్ బటన్) మూడుసార్లు నొక్కితే ఇక ఆ యాప్ తప్ప ఏదీ రాదు. హోమ్‌కి పోదు, ఇంకో యాప్‌కి మారదు. స్క్రీన్ మీద వేలితో సున్నా చుట్టి "ఈ భాగంలో టచ్ పనిచేయకూడదు" అని కూడా పెట్టొచ్చు. అంచులన్నీ అలా మూసేసి పేజీ తిప్పే జాగా ఒక్కటి వదిలేయండి. వ్రతం అయ్యాక మళ్ళీ మూడుసార్లు నొక్కి పాస్‌కోడ్ కొడితే మామూలే. పాస్‌కోడ్ మర్చిపోవద్దు, అది ముఖ్యం.

ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్ అంటారు. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ముందు ఆన్ చేయాలి. తర్వాత రీసెంట్ యాప్స్ తెరిచి, పీడీఎఫ్ యాప్ ఐకాన్ మీద నొక్కితే పిన్ అనే మాట కనిపిస్తుంది. విడిపించేటప్పుడు లాక్ అడిగేలా పెట్టుకోండి, లేకపోతే పొరపాటున ఊడిపోతుంది.

తడి గురించి మాత్రం సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ పెద్దగా ఏం చేయలేరు. ఈ స్క్రీన్లు వేలు తగిలినప్పుడు వచ్చే విద్యుత్ మార్పును బట్టి పనిచేస్తాయి, నీటి చుక్కనూ వేలనే అనుకోగలవు, అందుకే ఒకేసారి నాలుగైదు వేళ్లు పెట్టినట్టు పిచ్చి పిచ్చిగా కదులుతుంది. పక్కన పొడి కండువా ఒకటి ఉంచుకోండి.

పౌరోహిత్యం_పీడీఎఫ్:

ధన్యోస్మి. కండువా ఎలాగూ భుజాన ఉంటుంది. ఆ పాస్‌కోడ్ పెట్టి చూస్తాను.

బొమ్మలక్క:

నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. నా బాధ కూడా రాయనివ్వండి. పెన్ పట్టుకుని గీస్తున్నప్పుడు అరచెయ్యి పూర్తిగా స్క్రీన్ మీద ఆనుతుంది, ఎడమచేతి వేళ్లతో కాగితం తిప్పినట్టు కాన్వాస్ తిప్పుతుంటా. వేళ్లు నాలుగు కలిసి కొంచెం దగ్గరకొచ్చాయంటే చాలు, మొత్తం యాప్ ఎగిరిపోయి హోమ్ స్క్రీన్! ఏనుగు తొండం సగంలో ఉంటుంది, ఆ గీత ఊపు మళ్ళీ రాదు. కింద కుడి మూల నుంచి పెన్ లోపలికి వస్తే పసుపుపచ్చ నోట్ కాగితం ఒకటి వచ్చి కూర్చుంటుంది, నేనేదో రాసుకుంటానని దానికి ఎవరు చెప్పారో. ఇక కీబోర్డ్ సంగతి. తెలుగులో బొమ్మ పేరు టైప్ చేద్దామంటే కీబోర్డ్ చిన్నదైపోయి గాల్లో తేలుతుంది, ఆ చిన్న గడుల్లో ఒత్తు ఎక్కడుందో వెతుక్కోవాలి.

కోడ్_కూలీ:

అక్కా, ముందు కీబోర్డ్. దాని మీద రెండు వేళ్లు పెట్టి దగ్గరకు నొక్కితే చిన్నదవుతుంది, మీకు తెలీకుండా అదే జరుగుతోంది. ఐప్యాడ్‌లో ఆ చిన్న కీబోర్డ్ మీదే రెండు వేళ్లు పెట్టి దూరంగా జరపండి, పెద్దదై కిందికి వెళ్లిపోతుంది. జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) అయితే దాన్ని పట్టుకుని స్క్రీన్ అడుగుకి లాగి వదిలేయండి. నాలుగు వేళ్ల జెస్చర్ ఆపేది పైన రాశా. పసుపు నోట్ విషయంలో ఒక మెలిక ఉంది, వేలికి వేరే సెట్టింగ్, పెన్‌కి వేరే సెట్టింగ్. పెన్ సెట్టింగ్స్‌లో కుడి మూల, ఎడమ మూల అని విడిగా ఉంటాయి, అక్కడ కూడా ఆఫ్ చేస్తేనే పోతుంది.

బొమ్మలక్క:

పెన్‌కి వేరేగానా!! అదీ సంగతి. ఒకచోట ఆపినా ఎందుకు వస్తోందా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా.

అనంతపురం_అమ్మాయి:

సంబంధం ఉందో లేదో తెలీదు కానీ అడుగుతున్నా. ఒక యాప్‌లో అడ్మిషన్ ఫారం నింపుతున్నా, పేరు, అడ్రస్, పదో తరగతి మార్కులు అన్నీ కొట్టాను. ఇంతలో స్క్రీన్ చీలింది. సరిచేసి వెనక్కి వచ్చేసరికి ఫారం మొత్తం ఖాళీ. చాలా టెన్షన్ పడ్డాను, ఆ రోజే లాస్ట్ డేట్. స్క్రీన్ చిన్నదైతే డేటా ఎందుకు పోవాలి?

కోడ్_కూలీ:

సంబంధం ఉంది, ఇది నా తిండి కాబట్టి కొంచెం సాగదీస్తా, ఓపిక పట్టండి.

ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ సైజు మారినా, అడ్డం నిలువు తిరిగినా, సిస్టమ్ మామూలుగా చేసే పని ఏంటంటే ఆ పేజీని పడగొట్టి కొత్త కొలతలకి మళ్ళీ కడుతుంది. పడగొట్టే ముందు "ఏదైనా దాచుకోవాలా" అని యాప్‌కి అవకాశం ఇస్తుంది. యాప్ రాసినవాళ్లు ఆ అవకాశం వాడుకుని మీరు కొట్టినవి దాచితే ఏమీ పోదు. వాడుకోకపోతే ఖాళీ ఫారం వస్తుంది. చాలా యాప్‌లు ఫోన్‌ని నిలువుగా పట్టుకునే వాళ్లని మాత్రమే ఊహించుకుని రాస్తారు, టెస్టింగ్ కూడా ఫోన్ మీదే, ట్యాబ్‌లో ఎవరో స్క్రీన్ చీలుస్తారని ఎవరూ అనుకోరు. రెండోది, మెమరీ తక్కువున్న ట్యాబ్‌లో ఇంకో యాప్ పైకి రాగానే మొదటిదాన్ని సిస్టమ్ చంపేయొచ్చు, తిరిగి వస్తే మళ్ళీ మొదటి నుంచి.

"మా యాప్‌ని చీల్చొద్దు" అని చెప్పుకునే వీలు డెవలపర్‌కి ఉండేది. ఇప్పుడు అది కూడా పోతోంది. 2025లో వచ్చిన ఆండ్రాయిడ్ 16 కోసం తయారైన యాప్‌లు, 600 డీపీ (స్క్రీన్ సైజుకి ఆండ్రాయిడ్ వాడే కొలత) అంతకంటే పెద్ద స్క్రీన్ల మీద, అంటే దాదాపు అన్ని ట్యాబ్‌ల మీద, నేను సాగను, నేను తిరగను అని చెప్పినా సిస్టమ్ పట్టించుకోదు. ఆటలకి మినహాయింపు ఉంది. మిగతావాళ్లకి తాత్కాలికంగా తప్పించుకునే దారి ఒకటి ఇచ్చారు, తర్వాతి వర్షన్‌లో దాన్నీ తీసేస్తామని చెప్పేశారు. ఒక రకంగా మంచిదే, ట్యాబ్‌లో ఫోన్ యాప్ మధ్యలో సన్నగా నిలబడి అటూ ఇటూ నల్ల పట్టీలు ఉండే దరిద్రం పోతుంది. కానీ డేటా దాచడం రాని యాప్‌లు ఇంకా ఎక్కువగా బయటపడతాయి. అప్పటిదాకా ఫారంలు నింపేటప్పుడు పంతులు గారికి చెప్పినట్టు యాప్ పిన్ చేసుకుని నింపమ్మా.

పాత_కాపు:

ఈ గోల చూస్తుంటే నవ్వొస్తోంది. 2010లో మొదటి ఐప్యాడ్ వచ్చినప్పుడు ఒకసారి ఒక యాపే నడిచేది. అప్పుడు ఇవే ఫోరమ్‌లలో ఏడుపులు, మల్టీటాస్కింగ్ లేని బొమ్మ ఎవరికి కావాలి అని. ఆ నవంబర్‌లో ఐఓఎస్ 4.2తో యాప్‌లు మార్చుకోవడం వచ్చింది. 2012లో గెలాక్సీ నోట్ 10.1 రెండు యాప్‌లు పక్కపక్కన చూపించింది. 2015లో ఐఓఎస్ 9తో ఐప్యాడ్‌లో స్ప్లిట్ వ్యూ (రెండు యాప్‌లు పక్కపక్కన), స్లైడ్ ఓవర్ (ఒక యాప్ మీద ఇంకోటి పక్కనుంచి తేలడం). 2016లో ఆండ్రాయిడ్ 7తో సిస్టమ్‌లోనే స్ప్లిట్ స్క్రీన్. 2022లో ఒకవైపు ఆండ్రాయిడ్ 12ఎల్ టాస్క్‌బార్, ఇంకోవైపు స్టేజ్ మేనేజర్. 2025లో ఐప్యాడ్ ఓఎస్ 26 పాత స్ప్లిట్ వ్యూ, స్లైడ్ ఓవర్ రెండూ తీసేసి కంప్యూటర్ లాంటి విండోలు పెట్టింది, స్లైడ్ ఓవర్ అలవాటైనవాళ్ల కోసం 26.1లో దాన్ని మళ్ళీ తెచ్చింది.

ఈ వరస చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే, ట్యాబ్‌ని లాప్‌టాప్ చేయాలని అందరికీ తొందర. కీబోర్డ్ అమ్మాలి, పెన్ అమ్మాలి, పేపర్ చదువుకునే నాన్నగారు ఆ రెండూ కొనరు. కాబట్టి ఆయన కోసం ఎవరూ డిజైన్ చేయరు.

డాలస్_వదిన:

ఆ చివరి మాట కాస్త ఎక్కువైంది అన్నగారూ. ఆఫ్ చేసే బటన్లు ఉన్నాయి కదా, అవి ఎవరి కోసం పెట్టారు? దాచిపెట్టారనేది ఒప్పుకుంటా. మా అత్తగారి ట్యాబ్‌లో మా మరిది చేత పర్మిషన్ తీయించాం, ఇప్పటికి మొహం చిన్నది అవ్వట్లేదు.

రిటైర్డ్_మాస్టారు:

కోడ్_కూలీ గారూ, మీకు ఓపిక ఉంది కాబట్టి ఇంకొకటి అడుగుతున్నాను. నా స్నేహితుడికి చెయ్యి కొంచెం వణుకుతుంది. ఒకసారి తాకాలనుకుంటే రెండుసార్లు తగులుతుంది, కాసేపు ఆనితే ఐకాన్ ఊడి చేతితో పాటు వస్తుంది. దానికి మార్గం?

కోడ్_కూలీ:

ఉందండీ. ఐప్యాడ్‌లో యాక్సెసిబిలిటీలో టచ్, అందులో టచ్ అకామొడేషన్స్. వేలు ఇంతసేపు ఆనితేనే తాకినట్టు లెక్క, వెంటవెంటనే తగిలినవి లెక్కలోకి తీసుకోవద్దు అని టైం పెట్టొచ్చు. సామ్‌సంగ్‌లోనూ యాక్సెసిబిలిటీలోనే ఇలాంటివే ఉన్నాయి: ఎంతసేపు నొక్కితే టచ్, వరసగా తగిలినవి వదిలేయాలా అని. నొక్కి పట్టుకునే సమయం కూడా పెంచుకోవచ్చు, అప్పుడు ఐకాన్లు ఊడిరావు. మొదట చిన్న టైం పెట్టి చూడమనండి, ఎక్కువ పెడితే ట్యాబ్ హ్యాంగ్ అయినట్టు అనిపిస్తుంది. అలాగే పెద్ద అప్‌డేట్ వచ్చాక ఎవరైనా సరే ఈ సెట్టింగ్స్ పేజీ ఒకసారి తెరిచి చూసుకోండి, కొత్తగా ఏం చేర్చారో.

కృష్ణలంక_కుర్రోడు:

నాన్నగారి రిపోర్ట్: పేపర్ నిండుగా వస్తోందట. కానీ కాలిక్యులేటర్ ఎక్కడికి పోయింది, కరెంట్ బిల్లు లెక్క చూసుకోవడానికి బాగుండేది అంటున్నారు. హోమ్ స్క్రీన్ మీద పెద్ద ఐకాన్‌గా పెట్టేశా.

గ్రూప్స్_బ్యాచ్:

అన్నా అందరి పని అయిపోయింది కదా. నాకు పీడీఎఫ్, నోట్స్‌తో పాటు మూడోది డిక్షనరీ కూడా పక్కన కావాలి. సామ్‌సంగే. మూడు పడతాయా?

కోడ్_కూలీ:

పడతాయి. కింది టాస్క్‌బార్ నుంచి మూడో యాప్‌ని నొక్కి పట్టుకుని లాగి, ఏ అంచున కావాలో అక్కడ వదులు.

అడ్మిన్:

తమ్ముడూ, ఇది ఆపేవాళ్ల థ్రెడ్. మూడు కావాలనే వాళ్లకి వేరే థ్రెడ్ తెరువు. కంపెనీల మీద ఎవరూ కొట్టుకోలేదు కాబట్టి దీనికి తాళం వేయట్లేదు.